లావు అక్షరాలు

కోస్గి బస్టాండు ఎదురుంగ మా జిరాక్సు దుకాణం.
పహాణీలు, పెండ్లిపత్రికలు, బ్యాంకు దరఖాస్తులు
ఇవే నేను కొట్టేది.
ఒకనాడు మొగులప్ప తాత వచ్చిండు,
సంకల బియ్యపు సంచి, సంచిల రెండు నోటుబుక్కులు.
"మా రెజిమెంటుకు అరవై ఏండ్లు నిండుతున్నయట,
పాతోళ్ల యాది రాసి పంపమన్నరు. కొట్టు బిడ్డా.
నంబరు మాత్రం రాయకు."
ఇన్నేండ్ల కింది గుట్టు ఇప్పుడెవరికి కావాలె?
అడిగితే, నంబరు నాది కాదు, వాళ్లది అన్నడు.

మొదటి పేజీల ఫిరంగులు.
లారీల ఎనుక ఈడ్చుకపోయేటివి,
మొగులుకే మూతి పెట్టుకొని కూసునేటివి.
ఎడారిల ఇసుక తిన్నయి, అస్సాంల చిలుం పట్టినయి.
"నడిచే ఫౌజు ముందుకు పోతది, మేం పోం.
వంతెన ఉంటే వంతెన పక్కన,
పెట్రోలు డిపో ఉంటే దాని పక్కన
వల కప్పుకొని ఉంటం.
మా పని చూసుడు."

రెండో పేజీల మనుషులు.
సెల్వన్, బీడీపొగ చూసి గాలి వేగం చెప్పేటోడు.
బిష్ట్, జనరేటరు బెల్టుకు రెండు వేళ్లు ఇచ్చినోడు;
కాయితంల మాత్రం గాయపడినోళ్లు లేరని ఉన్నదట.
ఇక్బాల్ మియా, మన తాండూరోడే,
వెయ్యి మైళ్ల అవతల తెలుగు దొరికిన ఒకే నోరు.

మూడో పేజీకి ఆగిండు.
నా దిక్కు కాదు, ఫ్యాను దిక్కు చూసిండు.

డెబ్భై ఒకటి, డిసెంబరు. పంజాబుల ఒక వంతెన.
చలికి గ్రీజు పేరిన నెయ్యి లెక్క.
తొమ్మిదో రాత్రి
దీపాల్లేకుండ ఒక విమానం, నది మీదికెళ్లి, బాగ కిందికి.
ఫోను తీగ ఎక్కడనో తెగింది, హుకుం లేదు.
నాలుగు గుండ్ల క్లిప్పు లోపల.
కాలి కింద పెడలు.
ఇక్బాల్ మియా చెవుల "కొట్టు" అంటున్నడు.

మరి?

మరి అని ఆయన చెప్పింది యుద్ధం కాదు.
జొన్నచేను.
ఏడేండ్ల పిల్లగాడు మంచె మీద, చేతిల ఒడిసెల,
పాలకంకి మీద వాలే చిలుకలకు, గోరెంకలకు గులకరాళ్లు.
కిందికెళ్లి నాయిన:
చెవులతోని కొట్టురా, కండ్లతోని కాదు.
గింజకొచ్చే రెక్క గుంపుల వస్తది, లొల్లి చేస్తది.
పాలపిట్ట ఒక్కతే వస్తది, పురుగుకొస్తది.
దాన్ని కొడితే చేను నిన్ను తిడతది.

ఒక్కతే వచ్చింది, అందుకేనా తాతా?
"కాదు పిచ్చిదానా. దాని చప్పుడుల కుంటుడు ఉండె.
దెబ్బ తిన్నది. ఇంటికి పోతున్నట్టు ఉండె.
కాలు తీసిన."
తెల్లారి తెలిసిందట, మనదే అని.

మనది కాకుంటే?

దానికి జవాబు చెప్పలే.
బీడీ కోసం జేబులు తడుముకున్నడు,
మానేసి పన్నెండేండ్లాయె.

రెజిమెంటోళ్ల అచ్చు పుస్తకంల
ఆ తారీఖు మీద వేలు పెట్టి చూపించిండు:
'ఆ రాత్రి చెప్పుకోదగ్గ సంఘటన ఏదీ లేదు.'
నాకు కోపమొచ్చింది. ఇది తీసేద్దాం, మీ మాట పెడదాం అన్న.
"ఉండనీ. నిజమే గద.
కూలని వంతెన, కాలని విమానం,
ఎవరు రాసినా ఇంతకంటే ఏం రాస్తరు?"

పదకొండు పేజీలకు నూటపది రూపాలు.
నోట్లు లెక్కపెడుతుంటే దుకాణం మీదికెళ్లి
శంషాబాదుకు దిగేదొకటి పోయింది.
పేరులనే మొగులు ఉన్నోడు, మెడ ఎత్తిండు.
పెదవులు కదిలినయి: ఎత్తు, దూరం, దిక్కు.
కుడికాలు చెప్పుల నుంచి బయటికొచ్చి
నేలకు జానెడు పైన ఆగింది.

మెట్లు దిగినోడు మళ్లొచ్చిండు.
"ఏదీ లేదన్న వాక్యమున్నది చూడు బిడ్డా,
దాన్ని కొంచెం లావు అక్షరాలల్ల కొట్టు."