మోకాటి లోతు

ఒటారులో మంచు. రాత్రి పదకొండు.
స్క్విడ్‌ల వాసన వదలని వేళ్లతో
కినుయో ఫోను తెరిచింది.
ఇరవై అయిదు రెట్లు అప్పిస్తానంటోంది యాప్.
వద్దంది.

రెండు లక్షల యెన్లలో
ఈసారి పోతే రెండు వేలే,
రెండు గంటల కూలి.
డాలరు కొనకముందే ఆ గీత గీసుకుంది.

పన్నెండో నిమిషాన ధర జారి గీతను తాకింది.
ఆమెను బయటికి తోసేసి, వెనక్కి తిరిగి,
ఆమె అనుకున్న వైపే పరుగు!

తిట్టింది, గోడవతలి ముసలాయన దగ్గేంత గట్టిగా.
వేలు మళ్లీ బటన్ దాకా పోయింది.

నిండా మునిగినవాడికి చలేమిటని మన సామెత.
కినుయోకి చలేస్తోంది.

కాళ్లు దుప్పట్లోకి లాక్కుని
పద్దు రాసుకుంది:
పోయినవి రెండు వేలు.
నాలుగింటికి పడవలొస్తాయి.