నీ లాయర్ని కాను

డులూత్‌లో ఫిబ్రవరి. గడ్డకట్టిన సరస్సు,
కదలని ఓడలు, వాటికేసి నా కిటికీ.
మూడో అంతస్తులో పోలీసు శాఖ న్యాయవిభాగం:
విభాగమంటే నేనూ, ఒక ప్రింటరూ.
దాని మెకానిక్కునీ నేనే.

హాల్వర్సన్ గుమ్మంలోనే నిలబడ్డాడు,
బూట్ల మంచు పట్టా మీద కరుగుతోంది.
చేతుల్లో రెండు కాఫీలు. ఒకటి నాకట.
"మన వీడియో చూశారా?"

మన.

చూశాను. పదకొండుసార్లు.
రెండో నిమిషం దాటాక ఆ కుర్రాడి చేతులు
ఖాళీగా, ఆ చలిలో గ్లవ్స్ కూడా లేకుండా, పైకి లేస్తాయి.
ఆ తర్వాతే
కెమెరా ఆకాశంకేసి తిరుగుతుంది.

"కూర్చోకు. ఏమీ చెప్పకు.
నా క్లయింటు శాఖ, నువ్వు కాదు.
నువ్వు నాతో అన్నది రహస్యంగా ఉంచాలో లేదో
చెప్పాల్సింది శాఖే.
యూనియన్‌ని అడుగు, నీకంటూ ఒకర్ని ఇస్తారు."
ఎన్నోసార్లు అప్పజెప్పిన మాటలే.
ఈసారి నాలిక మీద ఇనుము రుచి.

మా వాడికి ఐసు మీద నిలబడ్డం నేర్పింది అతనే.
రెండు కాఫీలూ పట్టుకునే వెళ్ళిపోయాడు.

బల్ల మీద పెన్సిలుతో రాసిన ఉత్తరం ఉంది:
మా అబ్బాయి వీడియో నాకు ఇప్పించండి. రోసెల్లా బెలాంజర్.
ఇవ్వకుండా ఉండడానికి మూడు సెక్షన్లు
నిద్రలో లేపినా చెప్పగలను.
నాలుగోది ఎవరూ అడగరు గనక
పుస్తకం తీసి చూడాల్సొచ్చింది.

చీఫ్‌కి సలహా రాశాను, ఏడు పేజీలు.
మొదటి వాక్యం:
మన దగ్గరున్నది ఆవిడది.

మన. అవును, నేనే రాశాను.

ప్రింటరు ఆ పేజీని సగం మింగి ఆగింది.
లాగుతున్నాను,
చిరగకుండా.