మొదటి గంట

గోడకవతల ఫింటన్ చదువుతున్నాడు.
కొత్త ఉద్యోగం, కొత్త బూట్లు.
ఒకరోజు ఆలస్యమైతే పది మార్కులు కోత,
రెండ్రోజులైతే ఇరవై.
పంచాంగ శ్రవణమంత శ్రద్ధగా
ఏడు పేజీల నియమావళి.
గొంతు మాత్రం మూడో పేజీ దగ్గరే ఎండిపోయింది.

నేనూ అలాగే చదివేదాన్ని.
పద్నాలుగేళ్లు.
కార్నర్ బ్రూక్ కొండమీది ఈ కాలేజీలో,
కాగితం మిల్లు ఆవిరి కిటికీకి అంటుకుని ఉండగా,
తల ఎత్తకుండా.
ఒక సెప్టెంబరు బుధవారం తల ఎత్తితే
వెనక వరసలో ఓ కుర్చీ ఖాళీ.

హెడ్లీ రైడౌట్.
రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చినవాడు,
కోటు గుండీలైనా విప్పలేదు.
అయిదేళ్లకి పెట్రోలు బంకులో కనపడి
నా చేతిలో చిల్లర పెడుతూ అన్నాడు:
"ఆ రోజు ఒక్కటే అడుగుదామనుకున్నా మేడమ్,
భిన్నాలు మర్చిపోయినవాడు కూర్చోవచ్చా అని.
మీరు ఆగలేదు."
కారులో కూర్చుని చిల్లర లెక్కపెట్టుకున్నాను.
సరిపోయింది.

ఇప్పుడు కాగితాలు సంచీలోనే ఉంటాయి.
బీట్‌రూట్ ఊరగాయ సీసా కడిగి
నిండా మేకులు పోసి తెస్తాను.
ఎన్నుంటాయో చెప్పండి.

ఎవరూ పెదవి విప్పరు.
మొదటిరోజు మౌనానికి తడిసిన ఉన్ని వాసన.

చేపల ఫ్యాక్టరీలో ఇరవయ్యేళ్లు తూకం వేసిన బ్యూలా స్నూక్
సీసా ఎత్తి, చేత్తోనే తూచి
"నాలుగొందల పది" అంది.
ఎవడో "వెయ్యి" అన్నాడు, నవ్వించడానికి.
రాశాను.
లాబ్రడార్ నుంచి నిన్ననే ఓడ దిగిన ఇగ్నేషస్
తన బూట్లకి చెప్పుకున్నట్టు "తెలీదు" అన్నాడు.
అదీ రాశాను,
అంకెల మధ్య, అంకెలంత పెద్దగా.

"దాన్ని సగటులో ఎలా కలుపుతారు?"
అడిగింది ఇగ్నేషసే.
పదకొండో వారం పాఠం అది.
ఇరవయ్యో నిమిషంలోనే
గుమ్మంలో వచ్చి నిలబడింది.

మేకులు బల్లమీద గుమ్మరించి అందరం లెక్కపెట్టాం.
వేళ్లనిండా తుప్పు.
ఆరువందల ముప్పయ్యొకటి.
గుంపు సగటు దగ్గరికొస్తుందని ఏటా నేను కొట్టే గొప్ప
ఈ ఏడు మూడొందల దగ్గరే చతికిలపడింది.
బ్యూలా నవ్వింది, నన్ను చూసే.

అవతల ఫింటన్ ఏడో పేజీ తిప్పి
"ఏమైనా సందేహాలా?" అన్నాడు.
కుర్చీలు జరిగిన చప్పుడు.
రేపు కాఫీ దగ్గర సీసా సంగతి చెప్తాను.
హెడ్లీ సంగతి... చూద్దాం.

అందరూ వెళ్లాక
రేడియేటర్ కింద ఇంకో మేకు దొరికింది.
బోర్డు దగ్గరికి వెళ్లి
ఒకటి చెరిపి
రెండు చేశాను.