వలువల పద్దు

నగరి పక్కన మా భారతం మిట్టన
ఈ రాత్రి వస్త్రాపహరణం.
పొద్దున్నుంచి ట్రంకుపెట్టె మూత వెయ్యలేదు నేను.

పోయినేడు తొమ్మిదో చీర కాడ ముడి బిగుసుకునింది.
చెంగల్రాయుడు దుశ్శాసనుడు గదా, ఊరుకుంటాడా,
మరమగ్గం తోలే చేతులు,
ఒక్క గుంజు గుంజినాడు.
ద్రౌపది పొయ్యి హార్మోనియం మింద బోర్లా పడింది.
జనం నవ్వినారు,
కౌరవుల కన్నా గట్టిగా నవ్వినారు.
ఆ బాకీ నా పద్దు పుస్తకంలో ఇంకా అట్లనే ఉండాది.

అందుకే ఈ ఏడు ముడుల్లేవు.
కొసకు కొస పచ్చికుట్టు,
పదహారు చీరలు.
అన్నీ నూలువైతే చెమటకు కరుచుకుంటాయి,
అన్నీ పాలిస్టరైతే చుట్టంతా ఒకేసారి జారిపోతాది.
జారేదొకటి, పట్టేదొకటి, మార్చి మార్చి.
మా అత్త కుప్పమ్మ చెప్పిన లెక్క ఇది.
చీరల గురించి చెప్పిందో, సంసారం గురించో,
అప్పుడు అడగలేదు.

రంగులకూ ఒక వరస ఉండాది.
పైన నేరేడు, దాని కింద కుంకుమ,
దాని కింద చిలకపచ్చ, అట్ల లోపలికి పోతా పోతా లేత.
గుంజేకొద్దీ తెల్లారతా ఉన్నట్టుండాల.
కృష్ణుడి వేషగాడు టీ అంగడి కాడ ఆలస్యం చేసినా
చీర ఆలస్యం కాగూడదు.

పదిహేడోదాన్ని దేనికీ కుట్టలేదు.
పసుపుది.
గుణశేఖరు నడుముకు, లోపావడాతో కలిపి,
ఎనిమిది పిన్నీసులు, పైన సూదీదారం.
"అక్కా, ఊపిరాడట్లే."
"ఆడకపోతే మానె, కదలకుండా నిలబడు."
పగలంతా పాలకేంద్రంలో వెన్న శాతం కొలిచే పిల్లోడు
సవరం పెట్టుకోని, అర్దళం పూసుకోని,
నలుగుర్లో రెండు చేతులూ పైకెత్తాలంటే
నడుము కాడ నమ్మకం ఉండాల.
నమ్మకమంటే ఎనిమిది పిన్నీసులు.

రాత్రి రెండున్నరకు మద్దెల అదిరింది.
తెర వెనక నాకు పద్యం వినపళ్ళేదు,
చీరలు లెక్కబెట్టుకుంటా ఉండా.
ఎనిమిది.
తొమ్మిది.
తొమ్మిది...
పది!
ముందు వరసలో ఒక ముసలామె
గుంజొద్దురా పాపిష్టోడా అని చెప్పు తీసింది.
నా బాకీలో సగం అక్కడే తీరింది.
పదహారుకు చెంగల్రాయుడు సొమ్మసిల్లి పడినాడు.
కథలో ఉండాది, పడాల్సిందే.
నైట్ షిఫ్టు మనిషి, నిజంగానే పడినాడేమో.
పసుపు చీరలో గుణశేఖరు నిలబడే ఉన్నాడు.

తెల్లారితే మిట్టంతా చీరే,
దుమ్ము, బీడీ తునకలు, ఎవురో తొక్కిన గుర్తు.
శుక్రవారానికి ఇవన్నీ పలమనేరుకు బాడుగకు పోవాల.
కుట్లు విప్పతా ఉంటే
చెంగల్రాయుడు వచ్చినాడు, సగం చెరిగిన మీసంతో.
ఏమీ అన్లేదు. ఆ కొస పట్టుకున్నాడు.
ఈ కొస నేను.
మడత సాపుగా రావాలంటే
ఇద్దరూ వెనక్కి వంగి గుంజాల గదా,
వాడు జంకతా ఉండాడు.

"లాగబ్బా" అంటి.
"ఇంకొంచెం లాగు."