పాత ఇనుము

సస్కచువాన్‌లో మైనస్ ముప్పై.
షెడ్డులో అరవై ఎనిమిది నాటి ఫోర్డు ట్రక్కు,
బానెట్ కింద తల దూర్చి ఒరెస్ట్.

పొడుగు హెడర్లైతే ఊపెక్కువట,
స్టీరింగ్ పెట్టెకు తగులుతాయి.
పొట్టివి ఇముడుతాయి,
ఇమిడి ఊరుకుంటాయి.
స్టెయిన్‌లెస్ అంటే రెండు దూడల ఖరీదు.
మామూలు ఉక్కునైతే రోడ్డు మీది ఉప్పు
మూడు చలికాలాల్లో నమిలేస్తుంది.

అట్టముక్క చుట్టి ఇంజను పక్కన దూర్చి చూశాను.
వేలెడు సందు.
"పొట్టివే," అన్నాను.

పలకలేదు. తాళం తిప్పాడు.
పగిలిన పాత ఎగ్జాస్టు టిక్కుటిక్కుమంది.
కాసేపటికి వేడెక్కి, ఉబ్బి,
తన పగులు తనే మూసుకుని
నోరు కట్టేసుకుంది.

ముప్పై ఏళ్లుగా ఆ చప్పుడు ఆగాకే
మేం గేటు దాటేది.

"కొత్తవి వేస్తే
ఇక బయల్దేరమని ఎవరు చెబుతారు, హాల్యా?"

ఆర్డరు కాగితంలో
పొట్టివాటి పక్కన
నేనే పెట్టాను టిక్కు.