ముప్పై మిల్లీలీటర్లు

పుంతా అరేనాస్‌లో గాలి
రాత్రంతా ఆసుపత్రి కిటికీల్ని తోస్తూనే ఉంటుంది,
అప్పు వసూలుకొచ్చిన మనిషిలా.
మూడో అంతస్తు, ఏడో పడక.
ఒతీలియా బార్రియా, బడిలో వంటమనిషి.
నిన్న మధ్యాహ్నం ఆమె కడుపులో ముప్పాతిక భాగం
కోసి తీసేశారు.
మిగిలింది అరటికాయంత.

నా పని చిన్నదే.
పావుగంటకోసారి
మందు కొలిచే ప్లాస్టిక్ గిన్నెలో
ముప్పై మిల్లీలీటర్ల నీళ్ళు.
"గుటక వద్దు, తడి చాలు.
పెదవికి చెప్పి, నాలుకకి చెప్పి,
ఆ తర్వాతే లోపలికి."
ఆమె గిన్నెని దీపం వైపు ఎత్తి చూసింది.
"నాలుగువందల మంది పిల్లలకి పులుసు పోసినదాన్ని.
నా గరిటెకి అంటుకుని మిగిలేది
ఇంతకన్నా ఎక్కువే, యస్నా."
నవ్వబోయి పొట్ట పట్టుకుంది.
నవ్వేముందు దిండు అదుముకోవాలని
అప్పుడు నేర్పాను.
నిన్ననే నేర్పాల్సింది.

ఆపరేషన్‌కి ముందు వారం
మా తూకం యంత్రం ఆమెని మోసి
అంకె చూపలేక గీతలు చూపించింది.
ఎవరో అన్నారు, ఉన్ని గోదాముకి పంపండి,
గొర్రెబొచ్చు మూటలు తూచే కాటా ఉంది కదా అని.
వెళ్ళింది. మూటల పక్కన నిలబడింది.
కూలి కుర్రాడు అంకెని గట్టిగా చదివాడు,
అలవాటుగా,
అవతల గుమాస్తాకి వినబడేలా.
అంకె ఆమె ఫైల్లో ఉంది, నీలం సిరాతో.
కుర్రాడి గొంతు ఫైల్లో లేదు.

అందుకే ఇవాళ తూకం కుర్చీని
తలుపున్న గదిలోకి తోయించాను.
చూశాను, రాసుకున్నాను, నోరు మెదపలేదు.
ఆమె నా నోటివైపే చూస్తూ కూర్చుంది.

రాత్రి రెండున్నర. నాడి నూట పదహారు.
జ్వరం లేదు. ఎడమ భుజంలో పోటు.
గ్యాసే అయ్యుండొచ్చు, చాలాసార్లు గ్యాసే.
ఎప్పుడో ఒకసారి మాత్రం కుట్టు వదులై
లోపల ఊరుతుంది, చప్పుడు చెయ్యకుండా.
డాక్టర్ని లేపాను. విసుక్కుంటూనే వచ్చాడు.
రక్తం తీశారు, స్కాన్ తీశారు.
కుట్టు కుట్టులాగే ఉంది.
"మంచి పనే చేశావు" అని ఆవలిస్తూ వెళ్ళాడు.

"నువ్వు కంగారు పడ్డావు, నాదే తప్పు" అంది ఒతీలియా.
"నీకు వినపడకుండా ఏడుస్తున్నా."
"నొప్పా?"
"కాదు. ఆకలి లేదు."
"మంచిదే కదా" అన్నాను, తెలివితక్కువగా.
చాలాసేపు మాట్లాడలేదు.
"యాభైమూడేళ్ళు నాకన్నా ముందు లేచేది.
ఇంట్లో నేను కాకుండా ఇంకో మనిషంటే అదే.
తిట్టేది, పరువు తీసేది,
కానీ పిలిచేది.
ఇప్పుడు తలుపు తీస్తే
అవతల ఎవరూ లేరు."

నా చార్టులో మూత్రానికి గడి ఉంది,
నొప్పికి సున్నా నుంచి పది దాకా గీత ఉంది.
దీన్ని ఎక్కడ రాయను?
కడుపులో పెట్టుకుని చూసుకోవడం అంటారే,
ఈ వార్డులో ఆ మాట అనేముందు
కాస్త ఆగి అనాలి.

నాలుగింటికి నడిపించాను.
సెలైన్ స్తంభం ఒక పక్క, నేను ఇంకో పక్క.
ఇరవై అడుగులు, ఆగడం, పన్నెండు అడుగులు.
కారిడార్ చివరి కిటికీలోంచి
జలసంధి మీద పడవ దీపాలు.
"వంటవాడు ఈపాటికి ఉల్లిపాయలు వేయిస్తుంటాడు" అంది.
గాజుకి ముక్కు ఆనించి
"మాడుస్తున్నాడు" అంది.

పడక మీదికి చేరాక మళ్ళీ గిన్నె.
సగం తాగింది. ఆగింది.
ఏదో వింటున్నదానిలా తల వంచింది.
"చాలు."
తనే ఉలిక్కిపడింది.
"పిల్లలు చెయ్యి అడ్డం పెట్టి అనేవాళ్ళు ఈ మాట.
నేను వినేదాన్ని కాదు,
ఇంకో గరిటె వేసేదాన్ని."

మిగిలిన నీళ్ళు పారబోశాను.
రాశాను: నాలుగూ ఇరవై,
పదిహేను మిల్లీలీటర్లు.