ఊడని లేసు

కేజీహెచ్ ఎత్తు ఎక్కేటప్పుడు కూడా రాలేదు.
రమ్మన్నప్పుడు రాదది.
డీఈవో గారొచ్చిన రోజు
వెనక బెంచీ కుర్రాడు చేతులు కట్టుకు కూచున్నట్టు
ఈసీజీ కాగితం మీద బుద్ధిగా గీతలు గీసింది నా గుండె.

"నార్మలేనమ్మా" అన్నాడు టెక్నీషియన్ గౌరునాయుడు.
ఆ మాటకి సంతోషించాలో
అబద్ధాలకోరులా తల దించుకోవాలో తెలీలేదు.

ఇరవై రెండేళ్ళుగా పీఈటీని.
మల్కాపురంలో మా స్కూలు గ్రౌండు
సగం ఇసక, సగం కంకర,
పైన ఎప్పుడూ రిఫైనరీ వాసన.
అక్కడ వస్తుంది.
రెండో రౌండులో, నీళ్ళ ట్యాంకు దాటాక,
పడవలోంచి అప్పుడే గట్టున పడేసిన వంజరం
తోక కొట్టుకున్నట్టు ఒకటే కొట్టుకోడం.
తర్వాత ఒక దెబ్బ మింగేస్తుంది.
ఆ మింగిన చోట ఏమీ ఉండదు.
చీకట్లో ఇంకో మెట్టుందనుకుని
వేసిన కాలు.

మర్నాడు ట్రెడ్‌మిల్.
గాజులు తీశాను, గొలుసు తీశాను.
"అది కూడా" అంది నర్సు.
మెడలో విజిలుందని నాకు గుర్తే లేదు.

చల్లటి జెల్లు, పది చోట్ల స్టిక్కర్లు,
వైర్లన్నీ కలిపి జడేసినట్టు ఓ పక్కకి.
వీధికో ఎత్తున్న ఈ విశాఖపట్నంలో
చీటీ రాయించుకుని, మూడు గంటలు కూచుని,
ఎటూ వెళ్ళని ఎత్తొకటి ఎక్కుతున్నాను.
మూడు నిమిషాలకోసారి ఏటవాలు పెంచుతున్నారు.
కిటికీలో సముద్రం మాత్రం ఉన్నచోటే ఉంది.
"అలిసిపోతే చెప్పండి."
చెప్పడమా?
పిల్లలెవరైనా చెప్తే
"ఇంకొక్క రౌండే" అనే మనిషిని.

రాలేదు. అక్కడా రాలేదు.
తొమ్మిదో నిమిషంలో భయం పోయి కోపం వచ్చింది.
ఇప్పుడు రావే తల్లీ, ఒక్కసారి,
డాక్టరు గారు చూస్తున్నారు.

అప్పుడు హోల్టర్ కట్టారు.
నడుముకో డబ్బా, చేతికో చిన్న పుస్తకం.
ఏ టైముకి ఏం చేశారో రాయండి,
దడొస్తే బటన్ నొక్కండి,
రోజూ చేసేవన్నీ చెయ్యండి, స్నానం తప్ప.

12:30 బస్సు. నిలబడ్డాను. కాన్వెంట్ జంక్షన్లో బొగ్గు లారీలు.
1:15 పెరుగన్నం.
2:00 రిజిస్టర్లు.
ఇంతేనా నా రోజు, అనిపించింది.
2:20 చిన్నక్క ఫోను. "ఏటే, గుండెకేటైందే?"
ఏం లేదన్నాను.
ఇది రాయొచ్చో లేదో తెలీక కొట్టేశాను.

4:40 ఖోఖో పిల్లలతో పరుగు.
ట్యాంకు దాటాక వచ్చింది.
వంగాను.
మూడు నెలలుగా అంతే. అది రాగానే
వంగి లేసు కట్టుకుంటాను.
మొహం ఎవరికీ కనపడదు.
పిల్లలు ముందుకెళ్ళిపోతారు,
నేను ముడి విప్పి, మళ్ళీ వేసి,
ఈలోగా అది పోతే లేస్తాను.

ఈసారి వెళ్ళలేదు వాళ్ళు.
దుమ్ము కొట్టుకుపోయిన కాళ్ళు
ఒక్కొక్కటీ వచ్చి చుట్టూ ఆగాయి.
అందులో ఎడమకాలికి నల్లతాడున్నది హైమ.

"టీచర్, మీ లేసు ఊడలేదండి."
కాసేపాగి, మెల్లగా,
"ఏ రోజూ ఊడలేదండి."

నేను తలెత్తలేదు.
టీ షర్టు కింద వేలు బటన్ వెతుక్కుంటోంది, దొరకట్లేదు.
"ఇదేనాండి?"
హైమే నొక్కింది.
పన్నెండుమందీ ఊపిరి బిగబట్టారు,
డబ్బా ఏదో మాట్లాడుతుందన్నట్టు.

పుస్తకంలో రాశాను, గీతలు దాటిపోయిన అక్షరాలతో:
4:40 పరుగు. దడ.
లేసు కట్టుకోలేదు.

రిపోర్టు గురువారం ఇస్తామన్నారు.
అప్పటిదాకా పరుగులొద్దన్నారు.
విజిలు హైమ దగ్గరుంది.
మరీ గట్టిగా ఊదుతోంది, నాలాగే.